ముందు సోలార్ ప్యానెల్ కొనకండి, ఒక రాత్రి కరెంటు ఖర్చు కొలవండి

ప్రశ్న: మేం డాలస్ శివార్లలో ఉంటాం. నేను, నా భార్య, ఎనిమిదేళ్ల పాప. ఈ మధ్యే 17 అడుగుల ట్రావెల్ ట్రైలర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. 12 వోల్టుల ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి, గది వేడిచేసే ఫర్నేస్, పైన ఏసీ ఉన్నాయి. బ్యాటరీ మాత్రం ముందు టంగ్ (కారుకు తగిలించే ముందు కడ్డీ) మీద ఒక్కటే, పాత లెడ్ యాసిడ్‌ది. వేసవిలో న్యూమెక్సికోలోని క్లౌడ్‌క్రాఫ్ట్ అడవుల్లో, చలికాలంలో బిగ్ బెండ్ వైపు, హుకప్ (క్యాంపు సైట్‌లో ఇచ్చే కరెంటు కనెక్షన్) లేని చోట మూడు నాలుగు రోజులు ఉండాలని మా కోరిక. నా భార్య అక్కడి నుంచే పనిచేసే రోజులూ ఉంటాయి. డిసెంబరులో గుంటూరు నుంచి నాన్నగారు వస్తున్నారు. ఆయన రాత్రిళ్లు, నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీప్యాప్ మెషీన్ పెట్టుకుని పడుకుంటారు. ఒక డీలరు 200 వాట్ల ప్యానెల్, 100 ఆంప్-అవర్ల లిథియం బ్యాటరీ ఒకటి, 2000 వాట్ల ఇన్వర్టర్ కలిపి బిగించడానికి 4,800 డాలర్లు అడిగాడు. అవసరమైతే ఏసీ కూడా నడుస్తుందన్నాడు. తీసుకోమంటారా? ఇంట్లో స్విచ్‌లు, ఫ్యాన్లు నేనే మార్చుకుంటాను. ఇది కూడా నేనే బిగించుకోగలనా?

సమాధానం: ఆ ప్యాకేజీ తీసుకోవద్దండీ. ధర ఎక్కువని కాదు. పనివాళ్ల కూలి, వాళ్లిచ్చే గ్యారంటీ అందులో కలిసి ఉంటాయి కాబట్టి ధర గురించి నాకు పేచీ లేదు. అది మీ అవసరానికి సరిపోదు, అదీ కారణం. దాన్ని నమ్ముకుని వెళ్తే డిసెంబరులో బిగ్ బెండ్‌లో మొదటి రాత్రే, తెల్లవారకముందే మీ నాన్నగారి సీప్యాప్ ఆగిపోయే ప్రమాదం ఉంది. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

సోలార్ అనగానే అందరి చూపూ పైకప్పు మీదికే పోతుంది. ఎన్ని వాట్లు, ఏ కంపెనీ అని అడుగుతారు. కానీ అసలు సంగతి పొద్దు వాలాక మొదలవుతుంది. సాయంత్రం అయిదు నుంచి మర్నాడు పొద్దున తొమ్మిది దాకా మీ ట్రైలర్ ఎంత కరెంటు వాడుతుంది? ఆ అంకె తెలిస్తే ఎంత బ్యాటరీ కావాలో తెలుస్తుంది. బ్యాటరీ తేలితే, పగటిపూట దాన్ని తిరిగి నింపడానికి ఎన్ని వాట్ల ప్యానెల్ కావాలో తేలుతుంది. ఆ తర్వాత కంట్రోలర్ (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చే పెట్టె), వైరు, ఫ్యూజు వాటంతట అవే తేలతాయి. ఈ వరస తలకిందులైతే డబ్బు ఖర్చవుతుంది కానీ రాత్రి గడవదు. వాగు ఎంత పారినా చెరువు చిన్నదైతే నీళ్లు నిలవవు కదా.

మీ ఇంటి లెక్క సుమారుగా ఇలా ఉంటుంది. 12 వోల్టుల దగ్గర ఆంప్-అవర్లలో చెబుతున్నాను, ఒక ఆంపు కరెంటు గంటసేపు లాగితే ఒక ఆంప్-అవర్. కంప్రెసర్ ఫ్రిజ్ ఎండాకాలంలో రోజుకు 50 దాకా, చలికాలంలో 35 దాకా తీసుకుంటుంది. సీప్యాప్‌లో గాలికి తేమ ఇచ్చే హ్యుమిడిఫయర్, వేడి గొట్టం ఆపి ఉంచితే ఎనిమిది గంటలకు 20 చాలు. అవి నడిస్తే రెట్టింపు దాటిపోవచ్చు. లాప్‌టాప్ అయిదు గంటలు పనిచేస్తే 25. ఆ అడవుల్లో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకుని ఉద్యోగం చేయలేరు కాబట్టి స్టార్‌లింక్ మినీ లాంటి శాటిలైట్ ఇంటర్నెట్ పెట్టుకుంటారనుకుంటాను. దానికి ఎనిమిది గంటలకు మరో 20. లైట్లు, నీళ్ల పంపు, ఫోన్లు కలిపి 12. గ్యాస్ డిటెక్టర్, రేడియో, ఫ్రిజ్ బోర్డు లాంటివి మనం చూడకపోయినా 24 గంటలూ కాస్త కాస్త లాగుతూనే ఉంటాయి, అదొక 10. వేసవిలో పైకప్పు ఫ్యాన్ 15. చలికాలంలో ఫర్నేస్ 30.

ఫర్నేస్ గ్యాస్‌తో నడుస్తుంది కదా, కరెంటుతో దానికేం పని అని చాలామంది అనుకుంటారు. వేడి గ్యాస్‌దే, ఆ వేడిని లోపలికి నెట్టే బ్లోయర్ మాత్రం కరెంటుది. నడిచినంతసేపూ ఏడు ఆంపుల చొప్పున లాగుతుంది. చల్లటి రాత్రి సగం సేపు నడిచిందనుకున్నా ఎనిమిది గంటలకు 28 అయిపోతుంది. చలికాలపు క్యాంపింగ్‌లో బ్యాటరీని ఖాళీ చేసేది ఎక్కువగా ఇదే.

కూడితే పని ఉన్న రోజున ఎండాకాలమైనా చలికాలమైనా 150 దగ్గర తేలుతుంది. సెలవు రోజున 105 దాకా.

ఇప్పుడు డీలరు ప్యాకేజీని డిసెంబరు రాత్రికి పెట్టి చూడండి. ఆ పదహారు గంటల్లో ఫ్రిజ్ 23, సీప్యాప్ 20, ఫర్నేస్ 30, లైట్లూ పంపూ 10, డిటెక్టర్ల వంటివి 7. సీప్యాప్‌ను 2000 వాట్ల ఇన్వర్టర్ మీద నడిపితే, ఆ ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నందుకే గంటకు ఒకటి నుంచి రెండు ఆంప్-అవర్లు తినేస్తుంది, దాని వాటా 20 పైన. మొత్తం 110. బ్యాటరీలో ఉన్నదే 100. నిండుగా మొదలుపెట్టినా తెల్లవారుజాముకే అయిపోతుంది. ఇక పగలు చూస్తే, పైకప్పు మీద పరిచిన 200 వాట్ల ప్యానెల్ డిసెంబరు ఎండలో 40 ఆంప్-అవర్లు ఇస్తే గొప్ప. రెండో రాత్రి సంగతి చెప్పనక్కర్లేదు.

ఏసీ మాట అసలే వదిలేయండి. 13,500 బీటీయూల రూఫ్ ఏసీ నడుస్తున్నప్పుడు 1300 వాట్ల దాకా తీసుకుంటుంది. ఇన్వర్టర్‌లో పోయేది కలుపుకుంటే బ్యాటరీ వైపు 110 ఆంపులు దాటుతుంది. 100 ఆంప్-అవర్ల లిథియం బ్యాటరీల్లో చాలావాటికి లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) 100 ఆంపులకే హద్దు పెడుతుంది. అంటే అంత కరెంటు లాగగానే బ్యాటరీ తనను తాను కట్ చేసుకుంటుంది. కట్ చేసుకోకపోయినా అందులో ఉన్నది 1280 వాట్-అవర్లు, గంట కూడా రాదు. టెక్సస్ వేసవిలో ఏసీ కావాలంటే 30 ఆంపుల హుకప్ ఉన్న స్టేట్ పార్కుకు వెళ్లండి. హుకప్ లేకుండా ఉండాలంటే ఎత్తుకు వెళ్లండి. క్లౌడ్‌క్రాఫ్ట్ 8,600 అడుగుల ఎత్తు మీద ఉంది, అక్కడ జులై రాత్రిళ్లు దుప్పటి కప్పుకోవాల్సిందే. మీరు ఎంచుకున్న చోటే ఏసీ సమస్యను తీర్చేసింది.

నేను చెప్పిన అంకెలు అంచనాలు. మీ ఫ్రిజ్, మీ ఫర్నేస్, మీ అలవాట్లు వేరు. అందుకే అన్నిటికంటే ముందు కొనాల్సింది ప్యానెల్ కాదు, షంట్ ఉన్న బ్యాటరీ మానిటర్. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ మిగతా నెగటివ్ వైర్లన్నిటికీ మధ్య ఈ షంట్ కూర్చుంటుంది. లోపలికి వచ్చే ప్రతి ఆంపూ బయటికి పోయే ప్రతి ఆంపూ దాని గుండానే పోవాలి. ఒక్క నెగటివ్ వైరు నేరుగా బ్యాటరీకి మిగిలిపోయినా లెక్క తప్పుతుంది, కాబట్టి ఆ టెర్మినల్ మీద షంట్‌కు వెళ్లేది తప్ప ఇంకేదీ ఉండకూడదు. బ్లూటూత్ ఉన్నది తీసుకుంటే ఫోన్‌లో చూసుకోవచ్చు. బ్యాటరీలో ఎంత మిగిలిందో వోల్టేజీ చూసి చెప్పడం లెడ్ యాసిడ్‌తోనే కష్టం. లిథియంతో దాదాపు అసాధ్యం, ఎందుకంటే నిండుగా ఉన్నప్పుడూ చాలా ఖాళీ అయినప్పుడూ వోల్టేజీ ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది.

షంట్ బిగించాక ఒక వారాంతం ట్రైలర్‌లో పడుకోండి. ఇంటి ముందు నిలపడానికి కాలనీ సంఘం (హెచ్‌ఓఏ) ఒప్పుకోకపోతే దగ్గరలోని స్టేట్ పార్కులో హుకప్ ఉన్న సైట్ తీసుకుని ప్లగ్ తీసేసి ఉండండి. మీ పాత బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడే 75, 80 ఆంప్-అవర్లది అయ్యుంటుంది. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి వాడుకోగలిగింది 40 లోపే. అర్ధరాత్రికే అది తగ్గిపోతే మళ్లీ ప్లగ్ పెట్టేయండి, నష్టమేమీ లేదు. ఫ్రిజ్ గంటకు ఎంత, ఫర్నేస్ ఆన్ అయినప్పుడు ఎంత, అన్నీ ఆపేసినా ఎంత లాగుతోంది అన్న అంకెలు అప్పటికే మీ చేతిలో ఉంటాయి. కాగితం మీద రాసుకోండి.

నా అంచనాలకు దగ్గరగా అంకెలు వస్తే నేను సూచించేది ఇది: 100 ఆంప్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు, పైకప్పు మీద 200 వాట్ల ప్యానెళ్లు రెండు, 30 ఆంపుల ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ రాబట్టే రకం) కంట్రోలర్ ఒకటి, కింద నిలబెట్టుకునే 200 వాట్ల మడత ప్యానెల్ ఒకటి. పెద్ద ఇన్వర్టర్ అక్కర్లేదు.

బ్యాటరీ దగ్గర రాజీ పడకండి. లిథియంలో దాదాపు అంతా వాడుకోవచ్చు, బరువు లెడ్‌లో సగం కూడా ఉండదు. చిన్న ట్రైలర్‌కు ఆ తేడా చాలా పెద్దది. ఒక్క కండిషన్ ఉంది. సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్న లిథియం సెల్‌ను ఛార్జ్ చేస్తే లోపల శాశ్వతంగా పాడవుతుంది. వాడుకోవడం వరకు పర్వాలేదు, నింపడమే కూడదు. కాబట్టి చలికి ఛార్జింగ్ ఆపేసే రక్షణ బీఎంఎస్‌లో ఉందని రాసి ఉన్నదే కొనండి. ఆ మాట పెట్టె మీద స్పష్టంగా లేకపోతే ఎంత చవకైనా వద్దు. ఈ రకం బ్యాటరీ లెడ్ యాసిడ్‌లా ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదలదు. అందుకని మంచం కిందో సీటు కిందో, కదలకుండా బెల్టుతో బిగించి లోపలే పెట్టుకోవచ్చు. బిగ్ బెండ్ చలిలో దానికి అదే మంచి చోటు.

బ్యాటరీని టంగ్ మీద నుంచి లోపలికి మార్చేటప్పుడు రెండు విషయాలు తప్పకుండా చూసుకోవాలి. మొదటిది బ్రేక్‌అవే స్విచ్. ట్రైలర్ కారు నుంచి ఊడిపోతే దాని బ్రేకులు పట్టించేది ఆ స్విచ్చే, దానికి కరెంటు ఇచ్చేది ఈ బ్యాటరీయే. పాత బ్యాటరీ తీసేసినప్పుడు దానికి వచ్చిన సన్నటి వైర్లలో బ్రేక్‌అవేది ఏదో గుర్తుపట్టి, కొత్త బ్యాటరీకి ఫ్యూజు ద్వారా మళ్లీ కలపాలి. బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపినా అది ఆగకూడదు. కలిపాక పిన్ లాగి, చక్రం పైకి లేపి తిప్పి, బ్రేకు పట్టుకుంటోందో లేదో చూడండి. ఇది చూడకుండా రోడ్డెక్కవద్దు. రెండోది టంగ్ బరువు. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (కారు వెనక ట్రైలర్ తగిలించే చోటు) మీద ఉండాలి. ముందున్న బరువు తీసి వెనక్కి పెడితే అది తగ్గి, హైవే మీద ట్రైలర్ ఊగడం మొదలవుతుంది. బ్యాటరీలు ఇరుసుకు ముందు వైపే పెట్టండి, తర్వాత ఒకసారి తూకం వేయించండి.

ఇప్పుడు పైకప్పు. 17 అడుగుల ట్రైలర్‌లో టంగ్ పోను పైకప్పు తక్కువే. అందులో ఏసీ పెట్టె, ఫ్యాన్, బాత్రూం వెంట్, యాంటెన్నా పోగా మిగిలేది ముక్కలు ముక్కలుగా ఉంటుంది. 200 వాట్ల ప్యానెల్ ఒక్కోటి అయిదడుగుల పొడవు, రెండుంపావు అడుగుల వెడల్పు దాకా వస్తుంది. కొనేముందు ఆ కొలతకు అట్టముక్కలు కోసి పైన టేపుతో అంటించండి. పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగుకు ఏసీ నీడ ఎక్కడ పడుతోందో చూడండి. ప్యానెల్‌లో సెల్స్ వరసగా గొలుసులా ఉంటాయి, ఒక మూలన పడ్డ నీడ కూడా ఉత్పత్తిని దాని సైజుకు మించి దెబ్బతీస్తుంది. మీ పైకప్పు మీద నీడలు తప్పవు కనుక రెండు ప్యానెళ్లనూ ప్యారలల్‌లోనే (పాజిటివ్‌లు ఒకచోట, నెగటివ్‌లు ఒకచోట) కలపమంటాను. ఒకదాని మీద నీడ పడ్డా రెండోది తన పని తాను చేస్తుంది. సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) కలిపితే వోల్టేజీ పెరిగి సన్నటి వైరు సరిపోతుంది, ఆ సుఖం ఉన్న మాట నిజమే. కానీ మీ దూరానికి దానివల్ల కలిసొచ్చేది తక్కువ.

వైరు లెక్క చెబుతాను. 10 గేజ్ రాగి వైరుకు వెయ్యి అడుగులకు ఒక ఓం నిరోధం ఉంటుంది. ప్యానెళ్ల నుంచి కంట్రోలర్‌కు 15 అడుగులైతే పోనూ రానూ 30 అడుగులు. 20 ఆంపులు పారితే పోయేది 0.6 వోల్టు. 20 వోల్టుల్లో అది మూడు శాతం, ఫర్వాలేదు. అదే నష్టం కంట్రోలర్ నుంచి బ్యాటరీకి వెళ్లే వైరులో జరిగితే మాత్రం కంట్రోలర్ మోసపోతుంది, తనకు 14.4 కనిపిస్తుంటే బ్యాటరీ దగ్గర 13.8 మాత్రమే ఉంటుంది. అందుకే కంట్రోలర్‌ను బ్యాటరీకి మూడు నాలుగు అడుగుల్లో పెట్టి, ఆ ముక్కకు 6 గేజ్ వైరు వాడండి. 40 ఆంపుల ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కు వీలైనంత దగ్గరగా, ఏడంగుళాల లోపు పెట్టండి. ఫ్యూజు కాపాడేది వైరును. ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్య ఉన్న ముక్కకు ఏ రక్షణా ఉండదు, లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వందల ఆంపులు ఒక్కసారిగా కక్కుతుంది. రెండు బ్యాటరీలనూ కలిపే కేబుళ్లు ఒకే పొడవు, ఒకే మందం ఉండాలి. లోడ్ల పాజిటివ్ ఒక బ్యాటరీ నుంచి, నెగటివ్ రెండో బ్యాటరీ నుంచి తీస్తే రెండూ సమానంగా ఖర్చవుతాయి.

ఇంట్లో స్విచ్‌లు మార్చిన అనుభవం ఉందన్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. అమెరికా ఇళ్లలో నల్ల వైరు లైవ్, తెల్ల వైరు న్యూట్రల్. ట్రైలర్‌లో 120 వోల్టుల వైపు అదే పద్ధతి. కానీ అదే ట్రైలర్‌లో 12 వోల్టుల వైపు చాలా కంపెనీలు నల్ల వైరును పాజిటివ్‌కు, తెల్ల వైరును నెగటివ్‌కు వాడతాయి. ఎరుపు పాజిటివ్, నలుపు నెగటివ్ అన్న కార్ల అలవాటుతో కలిపితే తలకిందులవుతుంది. రంగును నమ్మకండి, ప్రతి వైరునూ మల్టీమీటర్‌తో చూడండి. ట్రైలర్ పక్కన సోలార్ అని రాసిన ప్లగ్ ఉంటే దానికీ ఇదే మాట. వాటిలో కొన్నిటి పాజిటివ్, నెగటివ్ మామూలు ప్లగ్‌కు తిరగబడి ఉంటాయి. పైగా ఆ ప్లగ్ చాలాసార్లు నేరుగా బ్యాటరీకి వెళ్తుంది, మధ్యలో కంట్రోలర్ ఉండదు. అలా ఉంటే మీ మడత ప్యానెల్‌కు తన సొంత కంట్రోలర్ ఉండాలి. మధ్యలో ఇప్పటికే ఒకటి ఉంటే ప్యానెల్‌ది తీసేయాలి. ఒకదాని వెనక ఒకటి రెండు కంట్రోలర్లు పెట్టకూడదు.

పైకప్పు మీద చేసే పనిలో కరెంటు కన్నా నీళ్లకే ఎక్కువ భయపడాలి. ఒక్క స్క్రూ రంధ్రంలోంచి ఏడాదిపాటు చెమ్మ దిగితే లోపలి ప్లైవుడ్ కుళ్లిపోతుంది, అది బయటికి కనిపించేసరికి బాగుచేయించే ఖర్చు సోలార్ ఖర్చును మించిపోతుంది. మీ పైకప్పు రబ్బరుదా, ఫైబర్‌గ్లాసా, అల్యూమినియమా ముందు తెలుసుకుని దానికి సరిపడే ల్యాప్ సీలెంట్ (నీళ్లు దిగకుండా పూసేది) కొనండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు సిలికాన్ వద్దు, రబ్బరు పైకప్పుకు అది పట్టదు, తర్వాత దానిమీద ఇంకేదీ అంటుకోదు కూడా. బ్రాకెట్ కింద బ్యూటైల్ టేపు, పైన స్క్రూ తలలు పూర్తిగా మునిగేలా సీలెంట్. స్క్రూలు వీలైనంత వరకు కింద అడ్డదూలం ఉన్నచోట పడాలి. ప్యానెల్‌కూ పైకప్పుకూ మధ్య అంగుళమైనా గాలి ఆడే సందు ఉండాలి, వేడెక్కేకొద్దీ ప్యానెల్ ఉత్పత్తి తగ్గుతుంది. ఈ కారణంతోనే పైకప్పుకు నేరుగా అంటించే పల్చటి ప్యానెళ్లు నాకు ఇష్టం లేదు, అవి వేడికి త్వరగా దెబ్బతింటాయి. పైకెక్కినప్పుడు ప్లైవుడ్ షీటు పరుచుకుని దానిమీద మోకాళ్లూనండి. వైరు లోపలికి దించడానికి పాత గ్యాస్ ఫ్రిజ్ ఉన్న ట్రైలర్లలో ఫ్రిజ్ వెంట్ సులువైన దారి. మీది కంప్రెసర్ ఫ్రిజ్ కాబట్టి అది ఉండకపోవచ్చు. కేబుల్ ఎంట్రీ గ్లాండ్ (వైరు దిగే చోట నీళ్లు రాకుండా మూసే మూత) పెట్టి, కింద కప్‌బోర్డు మూల వచ్చేలా చూసుకుని రంధ్రం చేయండి. ఆరునెలలకోసారి ఎక్కి సీలెంట్ పగుళ్లు చూడడం యజమానిగా మీ పని.

కలిపేటప్పుడు ముందు బ్యాటరీని కంట్రోలర్‌కు, ఆ తర్వాతే ప్యానెళ్లను. విప్పేటప్పుడు ముందు ప్యానెళ్లు, తర్వాత బ్యాటరీ. ఎండలో ఉన్న ప్యానెల్‌కు స్విచ్ ఉండదు కాబట్టి పని చేస్తున్నంతసేపూ మందపాటి దుప్పటి కప్పి ఉంచండి. కంట్రోలర్‌కు ముందు ఒక బ్రేకర్ పెడితే తర్వాత ఎప్పుడైనా సులువు. సెట్టింగుల్లో లిథియం అని ఎంచుకోండి, లెడ్ యాసిడ్‌కు ఉండే ఈక్వలైజ్ (ఎక్కువ వోల్టేజీతో నింపడం) ఆపి ఉండాలి.

ట్రైలర్‌లోని కన్వర్టర్, అంటే హుకప్ పెట్టినప్పుడు బ్యాటరీని నింపే పెట్టె, పాతదైతే లిథియంను పూర్తిగా నింపలేకపోవచ్చు. దాని మీద మోడల్ నంబరు చూడండి, కొన్నిటికి లిథియం స్విచ్ ఉంటుంది. లేకపోయినా తొందరేం లేదు, ఇంటి దగ్గర సోలారే మిగతాది నింపుతుంది. కారు నుంచి 7 పిన్నుల ప్లగ్ ద్వారా వచ్చే ఛార్జింగ్ మాత్రం కరెంటును హద్దులో ఉంచే డీసీ-డీసీ ఛార్జర్ ద్వారా రావాలి, లేదా ఆ ఒక్క వైరూ విడదీయాలి. లిథియం అడిగినంత ఇవ్వబోయి ఆల్టర్నేటర్ వేడెక్కకుండా ఇది జాగ్రత్త.

ఇన్వర్టర్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి. లాప్‌టాప్‌కు 12 వోల్టుల యూఎస్‌బీ-సీ ఛార్జర్ దొరుకుతుంది. స్టార్‌లింక్ మినీ 12 వోల్టులతోనే నడపవచ్చు. చాలా సీప్యాప్ మెషీన్లకు కంపెనీ 12 లేదా 24 వోల్టుల అడాప్టర్ అమ్ముతుంది, నాన్నగారి మెషీన్ మోడల్ ఇప్పుడే అడిగి దానికి సరిపోయేది తెప్పించండి. మిగిలేది వంటిల్లు. రైస్ కుక్కర్ ఒక పూటకు 20 ఆంప్-అవర్ల పైన తింటుంది, అంటే నాన్నగారి రాత్రంతా సీప్యాప్ అంత. చిన్న ప్రెషర్ కుక్కర్‌లో గ్యాస్ మీద అన్నం, పప్పు కలిపి పెట్టేయండి. పచ్చళ్లు, పొడులు, ఇడ్లీ పిండి ఇంటి దగ్గరే రుబ్బి ఫ్రిజ్‌లో తీసుకెళ్లండి. మిక్సీ లేకుండా నాలుగు రోజులు హాయిగా గడుస్తాయి. ఏదైనా 120 వోల్టుల చిన్న వస్తువు తప్పదనుకుంటే 300 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టర్ పెట్టి, అవసరమైనప్పుడు మాత్రం ఆన్ చేయండి.

ఈ 400 వాట్లు ఏమిస్తాయో కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. వేసవిలో ఆరుబయట, మబ్బు లేని రోజున 140 ఆంప్-అవర్ల దాకా రావచ్చు. బిగ్ బెండ్ ఎడారిలో నీడే ఉండదు కానీ డిసెంబరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు 37 డిగ్రీలకు మించి లేవడు. పైకప్పు మీద పడుకున్న ప్యానెళ్లు 80 ఇస్తాయి. ఇక్కడే మడత ప్యానెల్ తన విలువ చూపిస్తుంది, సూర్యుడి వైపు ఏటవాలుగా నిలబెట్టి రెండు మూడుసార్లు తిప్పితే మరో 55 దాకా తెస్తుంది. క్లౌడ్‌క్రాఫ్ట్‌లో చిక్కు వేరే. లింకన్ నేషనల్ ఫారెస్ట్‌లో పొడవాటి చెట్ల కింద చల్లటి సైట్ దొరికితే పైకప్పు ప్యానెళ్లకు ఎండ తగిలేది కాసేపే. జులై, ఆగస్టు మధ్యాహ్నాలు అక్కడ ఉరుములతో వానలు కూడా పడతాయి. అక్కడ సైట్ ఎంచుకునేటప్పుడు ట్రైలర్‌కు తూర్పు వైపు ఖాళీ ఉండేలా చూడండి, వాన మబ్బు కమ్మేలోపు పొద్దుటి ఎండ దక్కుతుంది. మడత ప్యానెల్‌ను పొడవాటి వైరుతో ఎండ ఉన్న చోటికి జరపండి. మూడు రోజులకు రెండు బ్యాటరీల నిల్వ, ఈ కొద్దిపాటి రాబడి కలిసి సెలవుకు సరిపోతాయి. పని రోజులు కూడా ఉంటే చెట్ల కింద సరిపోవు. అప్పుడు మీ భార్య లాప్‌టాప్‌ను కారులోనే ఛార్జ్ చేసుకోవడం తేలిక.

ఖర్చు సంగతికొస్తే, బ్రాండ్‌ను బట్టి మారినా, మీరే బిగించుకుంటే సామానంతా కలిపి డీలరు అడిగినదాంట్లో సగం లోపే అవుతుంది, దానికి రెట్టింపు నిల్వ వస్తుంది. ఫెడరల్ పన్నులో 30 శాతం వెనక్కి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మి బడ్జెట్ వేసుకోకండి. ఆ క్రెడిట్ 2025 డిసెంబరు 31 తర్వాత పెట్టిన ఖర్చులకు వర్తించదు.

మీరే చేయగలరా అంటే, ప్యానెల్, కంట్రోలర్, షంట్ పని మీ చేతిలోనే ఉంది. బ్యాటరీల పెద్ద కేబుళ్లకు లగ్గులు (కేబుల్ చివర బిగించే లోహపు కొసలు) నొక్కడానికి హైడ్రాలిక్ క్రింపర్ కావాలి, అందుకని వాటిని కొలత ఇచ్చి రెడీమేడ్‌గా తెప్పించండి. బ్రేక్‌అవే వైరు విషయంలో ఏమాత్రం సందేహం వచ్చినా ఆ ఒక్క పని ఆర్‌వీ మెకానిక్‌తో చేయించండి.

నాన్నగారి కోసం మాత్రం ఇంకో ఏర్పాటు తప్పనిసరిగా చేయండి. 300 వాట్-అవర్లకు తగ్గని చిన్న పోర్టబుల్ పవర్ స్టేషన్ ఒకటి విడిగా కొని, దాన్ని సీప్యాప్‌కు తప్ప దేనికీ వాడకండి. పాప టాబ్లెట్‌కు కూడా వద్దు. ట్రైలర్ బ్యాటరీ ఏ కారణంతో ఆగినా ఆ రాత్రి ఆయన నిద్ర ఆగదు. పగలు కారులో దాన్ని నింపుకోవచ్చు. హ్యుమిడిఫయర్ ఆపి పడుకోవచ్చా అని ఆయన డాక్టరును గుంటూరులో ఉండగానే అడగమనండి. ఎడారి గాలి చాలా పొడిగా ఉంటుంది, ఆపితే గొంతు ఎండిపోయేవాళ్లు ఉంటారు. డాక్టరు వద్దంటే సీప్యాప్ ఖర్చు 20 బదులు 45 వేసుకుని లెక్క మళ్లీ వేయండి, అప్పుడు మూడో బ్యాటరీ గురించి ఆలోచించాలి, పవర్ స్టేషన్ కూడా రెట్టింపు సైజుది కావాలి. ఆయన వచ్చాక బిగ్ బెండ్‌కు బయల్దేరే ముందు డాలస్‌లోనే ఒక రాత్రి ఆయన్ను మీ గదిలో పడుకోబెట్టి, మెషీన్‌ను పవర్ స్టేషన్ మీదే నడిపి, పొద్దున ఎంత మిగిలిందో చూడండి.

షంట్ అంకెలు వచ్చాక, పైకప్పు కొలతలు, కన్వర్టర్ లేబుల్ మీది మోడల్ నంబరు కలిపి మళ్లీ రాయండి. బ్యాటరీలు ఆర్డర్ చేసేది ఆ తర్వాతే.